రేడియో మూగబోయిన ఆదివారం

లాండ్రీలో అందరూ ఆమెని రేడియో అంటారు. పెద్దాసుపత్రి వెనకవైపు, ఆవిరి కమ్మిన పొడవాటి గదిలో ఆమె పని. యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన దుప్పట్లని ఇద్దరు చెరోవైపు పట్టుకుని మడతపెట్టాలి. ఆ హోరులో మాట వినబడాలంటే గొంతు పెంచాల్సిందే. అలా పెంచిన గొంతుని ఇంటికొచ్చాక తగ్గించడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. నోట్లో నువ్వుగింజ నానదని తోడికోడలు ఎత్తిపొడిస్తే, "నువ్వులు నానబెట్టుకునే తీరిక నాకెక్కడిదమ్మా" అని నవ్వేసేది.

అయితే ఆ వాగుడంతా సరదా కాదు, సగం భయం. ఆమెకి బల్లి భయం, ఉరుము భయం, లిఫ్టు భయం. అన్నిటికంటే ఎత్తు భయం. కుర్చీ ఎక్కి బల్బు మార్చమన్నా కాళ్ళు వణుకుతాయి. భయం వేస్తే మనలాంటివాళ్ళం నోరు మూసుకుంటాం, ఆమె తెరుస్తుంది.

అలాంటి మనిషి ఏళ్ళ తరబడి, సెలవు దొరికిన ప్రతి ఆదివారమూ కొండమీది ఊరికి ఎందుకు వెళ్ళేదంటే, మొగుడి కోసం.

ఆయన్ని బజారులో తాళాలాయన అంటారు. మెట్ల కింద ఇరుకు కొట్టు, గోడనిండా మేకులకి వేలాడే తాళంచెవులు. తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, వేళ్ళతో తడిమి, లోపల ఏది ఇరుక్కుందో చెప్పేస్తాడు. వారమంతా ఆయన మాట్లాడేది ఆమె ఒక్క పూట వాగుడికి సరిపోదు. కానీ పాత నీలం కారు కొండెక్కి చల్లగాలి తగిలిందంటే ఆ మనిషి ఈల వేస్తాడు. లోయ పక్కన బెంచీ మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఈల వేస్తాడు. ఆ ఈల వినడానికి ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొండెక్కేది.

దారి పొడుగునా నోరు ఆగేది కాదు. "లారీ వస్తోందండీ, పక్కకి. అదిగో తేనె కొట్టు. ఇక్కడ రాళ్ళు పడ్డాయి. మలుపు, మలుపు." మొదట్లో ఆయన "నాకూ కళ్ళున్నాయే" అని విసుక్కునేవాడు. ఓ ఏడాదిగా ఆ మాట మానేశాడు. పైగా "ఊఁ, తర్వాత?" అని అడుగుతున్నాడు. ఇన్నాళ్ళకి నా మాట విలువ తెలిసింది మహానుభావుడికి అని ఆమె మురిసిపోయింది. దుప్పటి అవతలి కొస పట్టుకున్న మనిషికి చెప్పుకుంది కూడా.

ఒక్క చోట మాత్రం ఆమె చూసి చెప్పేది కాదు. కొండ సగంలో ఒక మలుపుంది. దారి గిరుక్కున వెనక్కి తిరుగుతుంది, పక్కన మోకాలెత్తు రాతిగోడ, గోడ అవతల గాలి తప్ప ఏమీ లేదు. అక్కడికి రాగానే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, నోటితో మాత్రం పాఠం అప్పజెప్పేది. "గోడ వచ్చింది, గోడ వెంబడే తిప్పండి, వంగిన చెట్టొచ్చింది, ఇంక తిన్నగా." చెట్టు దాటేశామని నమ్మకం కుదిరాకే కళ్ళు తెరిచేది. నవ్వుతాడని ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆ ఆదివారం గొడవ పైన, టీ కొట్టు దగ్గర మొదలైంది. "ఇంత మంచులో ఎలా వచ్చారమ్మా" అని కొట్టువాడు అడిగాడు, పాపం ఊరికే. ఆమె తేనె కొట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెబుతుంటే తాళాలాయన మధ్యలో అందుకున్నాడు.

"మా కారు పెట్రోలుతో నడవదయ్యా. మా ఆవిడ నోటితో నడుస్తుంది."

బెంచీల మీద వాళ్ళంతా నవ్వారు. ఎప్పుడైనా అయితే ఆమె కూడా నవ్వేదే. ఆ రోజెందుకో మనసు చివుక్కుమంది. సరే, ఎలా నడుస్తుందో చూద్దాం అనుకుంది. కొండ దిగేదాకా పెదవి విప్పనని ఒట్టు పెట్టుకుని, మూతి ముడుచుకుని కారెక్కింది.

కారు కదిలింది. మంచు కాసేపు తెరిపి ఇస్తోంది, కాసేపు కమ్ముకుంటోంది.

"ఏదైనా మాట్లాడవే" అన్నాడాయన.

ఆమె పక్క అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"తేనె కొట్టు వచ్చిందా?"

బతిమాలుతున్నాడులే, బతిమాలనీ అనుకుంది. కారు మరీ నెమ్మదించింది. ఒక చక్రం తారు దిగి కంకరలో కరకరలాడింది. ఓరకంట చూసింది. ఆయన స్టీరింగు మీదికి వంగి, గింజని చూసే కోడిలా తల పక్కకి తిప్పి దారిని చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. ఈ చలిలో చెమటేమిటి?

అంతలో ఎదురుగా మంచులోంచి రెండు దీపాలు ఊడిపడ్డాయి. వ్యాను. హారను మోగుతోంది. ఆయన కారు తిప్పడం లేదు.

"పక్కకి, కొండవైపు" అని ఆమె గావుకేక పెట్టింది.

ఆయన విసురుగా తిప్పాడు. వ్యాను అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కారు దారికి అడ్డంగా తిరిగి ఆగింది. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అంత వ్యాను కనబడలేదా మీకు?"

ఆయన స్టీరింగు వదలకుండానే చెప్పాడు. "నేరుగా చూస్తే అంతా మసకే. పక్కల నుంచి కొంచెం ఆనుతుంది. నీ మొహం చూసి ఏడాదైందే."

ఆమెకి ఏడుపు రావాలి, కోపం రావాలి. రెండింటికీ వ్యవధి లేదు. దారి మీద కారు అడ్డంగా ఉంది, ఆమెకి నడపడం రాదు, కింద నుంచి ఇంకో ఇంజను మూలుగు వినిపిస్తోంది. దిగి పారిపోతే వచ్చేవాళ్ళు దీనికి గుద్దుకుని లోయలో పడతారు. కొంచెం దిగువన, బస్సులు నీళ్ళు పట్టుకునే చోట దారి వెడల్పుగా ఉంటుందని ఆమెకి తెలుసు.

తలుపు తీసుకుని దిగింది. ఎదురొచ్చేవాళ్ళకి కనబడాలని మెడకి చుట్టుకున్న ఎర్ర మఫ్లరు తీసి ఊపుతూ, ఇంకో చేత్తో ఆయన కిటికీ పట్టుకుంది. లోయవైపు ఆమె, కొండవైపు కారు. "వెనక్కి. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు నా గొంతు వెంట రండి." లోయవైపు మాత్రం తల తిప్పలేదు. కింద నుంచి వచ్చిన లారీ ఆ గుడ్డ చూసి ఆగింది. లాండ్రీ గొంతు ఆ రోజు పనికొచ్చింది. అడుగడుగూ చెబుతూ కారుని నీళ్ళ పంపు దాకా తెచ్చి, తాళంచెవి లాగేసుకుని, అప్పుడు కూలబడింది.

"నన్ను చంపేద్దామనుకున్నారా?"

"చెబితే డాక్టరు కారు ముట్టుకోవద్దంటాడు. నీకు ఈ కొండంటే ప్రాణం కదా. దారంతా ఎంత సంబరంగా మాట్లాడతావ్. అది పోతుందని చెప్పలేదు."

"సంబరమా? భయానికి వాగుతానండీ. నేనొచ్చేది మీ ఈల కోసం."

"ఈ ఏడాది వేసిన ఈలలన్నీ బతికి పైకి చేరామనే" అన్నాడు.

బస్సు వచ్చింది. కారుని అక్కడే వదిలేసి ఎక్కారు. ఆమె ముందు సీటు పట్టుకుని, అద్దంలో డ్రైవరు కళ్ళే చూస్తూ కూర్చుంది. ఉండబట్టలేక అడిగింది కూడా. "బాబూ, నీకు బాగా కనబడుతుందా?"

"మీరు నన్నే చూస్తున్నారని కనబడుతోందమ్మా" అన్నాడు డ్రైవరు.

బస్సు వంపులు తిరుగుతూ కొండ సగందాకా దిగింది. తాళాలాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గోడ వచ్చిందా?"

అప్పటికే ఆమె కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. "ఆ, వచ్చింది, గోడ వెంబడే..." అని నోరు దానంతట అదే మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. ఇంతకాలం ఈ మలుపులో ఆయనకి కళ్ళు తనేనా?

బలవంతంగా కళ్ళు తెరిచింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మలుపుని నిండుగా చూసింది. గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట రెండు తుప్పుపట్టిన డ్రమ్ములు, వాటి మధ్య వేలాడుతున్న తాడు. కూలిన రాళ్ళ మీద గడ్డి ఏపుగా మొలిచి ఉంది.

"ఆగిపోయావేం?" అన్నాడాయన.

"గోడ లేదండీ. ఎప్పుడో పడిపోయింది."

"పొద్దున వచ్చిందన్నావుగా. దాని వెంబడే తిప్పమన్నావు."

"కళ్ళు మూసుకుని చెప్పానండీ. ఎప్పుడూ అంతే."

ఆయన వేళ్ళు ఆమె చేతిని నొప్పి పుట్టేలా బిగించాయి. బస్సు మలుపు దాటింది. కొండ దిగేదాకా ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.