గంజి లేని చొక్కా

దుకాణంలో ఎర్రటి కంచిపట్టు చీరను పరుపు మీద విప్పి పరుస్తుంటే, కొంగు నా చూపుడువేలికి పట్టుకుంది. పగిలిన వేలికొసన లేచిన తోలులో ఒక పోగు ఇరుక్కుని సన్నగా పైకి వచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చీర చూడడం మాని నా చేతులు చూసింది. పక్కనున్న సేల్స్‌మన్ వైపు జరిగి, నువ్వు చూపించు నాయనా అంది.

ఆ సాయంత్రం దుకాణం ఓనరు నన్ను పిలిచాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు. చేతులు బాగయ్యేదాకా పై అంతస్తులో ఫాల్స్, లైనింగ్ గుడ్డలు చూసుకోమన్నాడు. తల ఊపి వచ్చేశాను. ఇదే బజారులో ఒకప్పుడు మా తాతగారికి పట్టుచీరల దుకాణం ఉండేది. ఆయన మనవడు ఇంకొకరి దగ్గర చీరలు మడతపెట్టడం కొందరికి జాలిగా ఉండేది. నాకు మాత్రం, పట్టు ముందు కూర్చున్నంతకాలం మా ఇంటి పనిలోనే ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆ పరుపు మీద నుంచి లేపారు.

ఎగ్జిమా నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి ప్రతి చలికాలం మోచేతి మడతల్లో కాస్త దురద ఉండేది. ఈసారి మెడ, వీపు, వేళ్లు అన్నిటినీ పట్టుకుంది. చర్మం ఎర్రగా పొంగి, రసి కారి, ఎండి, పగిలేది. గోకితే ప్రాణం లేచొచ్చినట్టుండేది, మరుక్షణం మంట. బస్సులో పక్కవాడు కాస్త జరిగి కూర్చున్నా గజ్జి అనుకున్నాడేమోనని ఒళ్లు ముడుచుకునేవాణ్ణి. జబ్బు బయటికి చెప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. అందుకని సొంత వైద్యం చేసుకున్నాను. మరిగే నీళ్లు పోసుకున్నాను, ఘాటైన సబ్బుతో రుద్దుకున్నాను, వేపాకు నూరి పట్టించాను. పైన పొడుగు చేతుల చొక్కా, మెడదాకా గుండీలు.

ఆ చొక్కాకు గంజి. మా ఇంట్లో మగవాడి చొక్కా నేల మీద పెడితే నిలబడాలని తాతగారి నియమం. బంగళా పోయి, దుకాణం పోయి, కార్ఖానా అనే పేటలో రెండు గదుల వాటాలోకి వచ్చినా గంజి మాత్రం పోలేదు. పై అంతస్తుకు పంపిన వారం నుంచి, గంజి ఇంకా చిక్కగా పెట్టమని కబురు చేశాను.

అయినా చొక్కాలు మెత్తగానే వస్తున్నాయి. మా వీధి మలుపులో ఒకావిడ ఇరవై ఏళ్లుగా మా బట్టలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తోంది. ఒక ఆదివారం పొద్దున చొక్కా తీసుకెళ్లి ఆమె బండి మీద పెట్టి, పని మీద శ్రద్ధ తగ్గిందా అని అడిగాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కాలరు తిరగేసి నా ముందు పరిచింది. లోపల గోధుమరంగు మరకలు.

"మూడు వారాల సంది నేనే తగ్గిస్తున్న సార్," అంది. "ఎంత రుద్దినా గీ రక్తం పోతలేదు. మీరేమో కర్ర లెక్క నిలబడాలంటరు. గా కర్రనే మీ మెడ కోస్తున్నది. జెర డాక్టర్‌కు చూపించుకోండ్రి."

ఎవరికీ తెలియదనుకున్నది ఆమెకు మూడు వారాలుగా తెలుసు. వీధిలో ఎవరితోనూ అనలేదు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. గంజి పూర్తిగా మానెయ్యమని చెప్పి ఇంటికి వచ్చాను.

మర్నాడు మా ఆవిడ నన్ను బన్సీలాల్‌పేట్‌లో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ అమ్మాయి నా చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని చూసింది. కొన్ని నెలల్లో నన్ను అలా తాకిన మొదటి పరాయి మనిషి. ఇది అంటుకునేది కాదని చెప్పి, నిద్ర పడుతోందా అని అడిగింది. పడుతోందన్నాను.

"ఈయన గోకుడికి మంచానికే నిద్ర లేదమ్మా," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కళ్లద్దాలు తుడుచుకున్నాను.

వేడినీళ్లు, ఘాటు సబ్బు మానేశాను. గోరువెచ్చని స్నానం, ఒంటి తడి ఆరకముందే క్రీము, పుండ్ల మీద ఆమె రాసిచ్చిన ఆయింట్‌మెంట్. కొన్నాళ్లు సాయంత్రాలు దాని మీద తడిగుడ్డ చుట్టాలంది, ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదట. ఇంట్లో అంత మెత్తటి గుడ్డ ఒక్కటే ఉంది: పెట్టెలో దాచిన తాతగారి సన్నటి నూలు పంచె. మా ఆవిడ దాన్ని పట్టుకుని నాకేసి చూసింది. చించమన్నాను. చర్రుమని చిరిగింది. తడిపి చేతికి చుట్టగానే, చాలా రోజుల తర్వాత చర్మం మంట మాట మరిచిపోయింది. వీపుకు నా చెయ్యి అందదు గనక ఆయింట్‌మెంట్ ఆవిడే రాసేది. పెళ్లప్పుడు కూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు కదా అనేది.

తిన్నగా తగ్గలేదు. పదోరోజు మెడ మళ్లీ పొంగింది. అంతా వృథా అనుకుని ఆ పూట అన్నం తినలేదు. కానీ దురద వచ్చినప్పుడు గోకకుండా అరచేతితో మెల్లగా అదమడం అలవాటైంది. పై అంతస్తులో ఒక పట్టు ముక్క దగ్గర పెట్టుకున్నాను. రోజూ దుకాణం తెరవగానే దాని మీద వేళ్లు నడిపేవాణ్ణి. పట్టుకునేది. మర్నాడూ పట్టుకునేది. ఒక శుక్రవారం అయిదు వేళ్లూ ఈ చివర నుంచి ఆ చివరికి జారిపోయాయి.

కిందికి దిగి, మళ్లీ పరుపు మీద కూర్చోవచ్చా అని ఓనరును అడిగాను. అడగడం నాకు చేతకాని పని. ఆయన నా చేతులు చూశాడు.

"కూర్చోండి అంకుల్. మీరు పైకెళ్లిన దగ్గర్నుంచీ ఒక్క మడతా తిన్నగా లేదు," అన్నాడు.

మోచేతుల్లో ఇంకా దురద ఉంది, వచ్చే చలికాలం మళ్లీ ముదరొచ్చు. చేతులు మోచేతులదాకా మడిచిన మెత్తటి చొక్కా, మధ్యాహ్నానికే నలిగిపోయి ఉంది. మొదటి చీర విప్పాను. పోగు లేవలేదు.