నరసయ్యకు అతికించిన తల

గురవమ్మ మొగుణ్ణి ఎద్దులబండి ఎక్కించి పంపింది నేనే. అప్పటికి అతను సముద్రంలో పోయి ఆరేళ్లయింది. బండి ఎక్కింది అతని రాయి.

మా పాలెంలో చేపల వేటకు పోయినవాడి శవం ఒడ్డుకు రాకపోతే, అలలు అందని చోట ఇసుకలో ఒక రాయి నిలబెడతారు. ఇక ఆ రాయే మనిషి. 1952లో గురవమ్మ మొగుడు నరసయ్య తెప్ప ఒక్కటే తిరిగి వచ్చింది. పెద్దలు తెచ్చిన రాయిని ఆమె ఒప్పుకోలేదు. ఉప్పుకాలవ గట్టున సగం పూడి ఉన్న పాత చెక్కుడు రాతిని తనే చూపించింది. నిలువెత్తు మగవాడు. తల లేదు. ఒక కాలు అడ్డంగా వేసి, చెయ్యి దేనిమీదో ఆనించి నిలబడి ఉన్నాడు.

"తెడ్డానుకోని మా ఆయన అచ్చం ఇట్టనే నిలబడతాడు. తల సముద్రం ఉంచుకుంది, మిగతాది నాకిచ్చింది" అంది.

బోగోలులో చేపలమ్ముకుని వస్తూ రోజూ ఆ రాయి దగ్గర గంప దించేది. ఎవరు బేరం కాడ నోరు పారేసుకున్నారో, చెంచమ్మ కోడలు ఎందుకు అలిగిందో, అంతా చెప్పేది. ఏటా అతను పోయిన రోజున రాయికి అతని తువ్వాలు కట్టి, చేపలకూర అన్నం పెట్టేది. మేం నవ్వేవాళ్లం.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. కావలి లైబ్రరీలో దొరికిందల్లా చదివేవాణ్ణి. పాత శిల్పాలు కనిపిస్తే పురావస్తు శాఖకు తెలియజేయమని ఒక పత్రికలో చూసి 1958లో కార్డు రాశాను. ఆ రాయి విలువ పాలెంలో నాకొక్కడికే తెలుసనుకున్నాను. నా పేరు ఎక్కడో అచ్చవుతుందని కూడా అనుకున్నాను. నెల తిరక్కుండానే మనుషులు వచ్చారు. గురవమ్మ బోగోలులో ఉన్న పూట, గడ్డి చుట్టి ఎద్దులబండిలో తీసుకుపోయారు.

సాయంత్రం ఆమె ఖాళీ గుంట పక్కన గంప దించింది. నేను చేసింది చెప్పాను.

"నువ్వా అబ్బయ్యా?" అంది. గుంటలోకి వంగి చూసి, "గడ్డి మెత్తగా చుట్టినారా?" అని అడిగింది.

రాయి ఎక్కడుందో తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది. మెట్ట వైపు ఒక పురాతన శివాలయం, దాని మండపంలో శిల్పాల మ్యూజియం. గురవమ్మ నరసయ్య తువ్వాలు ఉతికి మడిచి నడుముకు దోపుకుని బయలుదేరింది.

"ఇస్తారా అత్తా?" అన్నాను బస్సులో.

"మొగుణ్ణి పెళ్లాం అడిగితే ఎవురు కాదంటార్రా?"

గుడి గోడల నిండా ఏనుగులు, యుద్ధాలు, నాట్యాలు. ఆమె చుట్టూ తిరిగి చూసింది. "ఇంతమందిని చెక్కినారే, వలేసేవోడు ఒక్కడన్నా లేడే!" అని నవ్వింది. అదే ఆ రోజు ఆఖరి నవ్వు.

మండపంలో వరసగా రాళ్లు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మ్యూజియం చూసుకునే పద్మనాభయ్య "తాకొద్దమ్మా" అంటూ వెంట నడిచాడు. చివరి స్తంభం దగ్గర గురవమ్మ ఆగిపోయింది. అదే కాలు, అదే చెయ్యి. మెడ మీద మాత్రం ఒక తల! గుడ్లు బయటికొచ్చి, నోటి పక్కల కోరలు. మెడ చుట్టూ సిమెంటు చార.

"ఈ తలెవురిది సామీ?" అని అడిగింది.

పద్మనాభయ్య సంతోషించాడు. "చెరువు పూడిక తీస్తుంటే దొరికిందమ్మా. కొలత సరిగ్గా సరిపోయింది. ఈయన ద్వారపాలకుడు, చెయ్యి కింద ఉన్నది గద. ఇప్పుడు నిండుగా లేడూ?"

నేను కింద అట్ట చదివాను. "సముద్రతీరాన దిక్కూ మొక్కూ లేక పడి ఉండగా సేకరించినది." ఆ 'దిక్కూ మొక్కూ లేక' అన్న మాట నాది. కార్డు మీద నేను రాసినదే, అక్షరం మారలేదు. నా పేరొక్కటే లేదు. ఆరేళ్లు ఏటేటా చేపలకూర అన్నం తిన్న రాతిని, తువ్వాలు కట్టించుకున్న రాతిని, దిక్కూ మొక్కూ లేనిదని రాశాను.

గురవమ్మ తువ్వాలు తీయలేదు. పైట తల మీదికి లాక్కుంది. పరాయి మగవాడు గడపలోకి వచ్చినప్పుడు మా ఆడవాళ్లు తప్పుకున్నట్టే స్తంభం చాటుకు తప్పుకుంది.

"పదబ్బయ్యా, పోదాం."

"అడగవా అత్తా?"

"ఎవుర్నడగాల?"

ఆ తర్వాత ఆమె బోగోలు నుంచి వచ్చేటప్పుడు ఎక్కడా గంప దించలేదు. నేరుగా ఇంటికే పోయేది.

1964లో నేను మద్రాసు హార్బరులో కూలికి పోతూ బోగోలు బస్సు కోసం నిలబడ్డాను. ఆమె గంపతో ఎదురైంది. ఉండబట్టలేక, "ఇంకో రాయి నిలబెడదామా అత్తా? నేను మోసుకొస్తా" అన్నాను.

గంప నెత్తిమీదే ఉంచుకుని నన్ను చూసింది.

"రాళ్లకేం కరువురా? తల లేనన్నాళ్లూ నేను చెప్పిందంతా ఇన్యాడు. తలొచ్చినాక, నేనంత దూరం పోతే, నా పక్క చూసినాడా?"