కోళ్ల షెడ్డు బయటి పొయ్యి

బాలలక్ష్మి నస్పూర్ బొగ్గుబాయి కార్మికుడి కూతురు. ఆమె పెరిగిన క్వార్టర్లలో పొద్దున లేస్తే ఇంటింటి ముందూ బొగ్గు రాజుకుంటూ ఉండేది. పచ్చిబొగ్గును వాకిట్లోనే కాల్చి, నల్లపొగ అంతా పోయి నిప్పు ఎర్రబడ్డాక సిగిడీని, అంటే ఆ బొగ్గు కుంపటిని, ఇంట్లోకి తెచ్చుకోవడం అక్కడి ఆడవాళ్లకు అలవాటు. పొగ పోయిందంటే ఇక భయం లేదని వాళ్ల నమ్మకం.

లక్సెట్టిపేట దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఆమె, "గిదేం పొయ్యి అత్తా! ఊదుకుంట ఊదుకుంట పానం పోతున్నది. మా తాన బొగ్గు ఒక్కపారి అంటుకుంటె అన్నం, కూర, తానానికి నీళ్లు అన్నీ అయితయి" అంది. అత్త భూమవ్వ ఆ మాటను వాడకట్టంతా చెప్పి నవ్వింది. అప్పటినుంచి ఆమెకు 'బొగ్గుల దొరసాని' అనే పేరు పడింది. బాలలక్ష్మి ఏమీ అనుకోలేదు. దొరసాని అన్నారు కదా, చాలు అనుకుంది.

భర్త రాజం మస్కట్ వెళ్లాక అత్తా కోడళ్లిద్దరూ బీడీలు చుట్టేవాళ్లు. చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని పొద్దుగూకే దాకా వంగి కూర్చుంటే బాలలక్ష్మికి మెడ పట్టేసేది. బతుకంతా ఇలా వంగి ఉండడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. ఎనభై ఆరులో ఖాళీగా ఉన్న పశువుల కొట్టాన్ని బాగుచేసి కోళ్ల షెడ్డు పెట్టింది. కరీంనగర్ నుంచి కొండల్ అనే వ్యాపారి కోడిపిల్లలను తెచ్చి ఇచ్చేవాడు. పెద్దయ్యాక కోళ్లను అతనే తీసుకుపోయేవాడు.

గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మొదటి రెండు మూడు వారాలు తల్లి రెక్క కింది వేడి కావాలి. బాలలక్ష్మి పెద్ద వెదురు గంప బోర్లించి, దాని కింద బల్బులు వేలాడదీసింది. కరెంటు ఉన్నంతసేపు అంతకన్నా సుఖమైన వేడి మరొకటి లేదు. పొగ లేదు, బూడిద లేదు, మనిషి కాపలా అక్కర్లేదు. కానీ పొద్దు గుంకగానే కరెంటు పోయేది. మొదటి బ్యాచ్ పిల్లలు చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున పడ్డవి ఊపిరాడక చచ్చిపోయాయి.

సంక్రాంతి ముందు కొండల్ రెండో బ్యాచ్ పెట్టెలు దించుతూ మొహం చిట్లించాడు.

"అక్కా, గివి గూడ పోతె నేను మల్ల గీ తొవ్వల రాను. షెడ్డుల బర్రెలను కట్టుకో, నువ్వు బీడీలు చుట్టుకో."

"పోవు తమ్మీ. ఫికర్ చెయ్యకు."

"కరెంటోళ్లు నీ చుట్టాలా?"

"మా బాపు చుట్టమే, బొగ్గు" అంది బాలలక్ష్మి.

ఊరికే అన్న మాట కాదు. అప్పటికే ఆమె అన్నీ ఆలోచించి పెట్టుకుంది. కిరసనాయిలు పొయ్యి పెడదామంటే రేషన్‌లో వచ్చేది దీపాలకే సరిపోదు. కట్టెలైతే భగ్గుమని మండి చల్లారుతాయి, తెల్లవార్లూ ఎవరో ఒకరు ఎగదోస్తూ కూర్చోవాలి. ఊరి దొర జైపాల్‌రావు గారింట్లో పేడ గ్యాసు ఉందని విని చూడబోయింది. ఆయన భార్య నిర్మలాదేవి చాయ్ గిన్నె పక్కకు జరిపి నీలం మంట చూపించింది.

"మంచిగున్నది దొరసానీ!" అంది బాలలక్ష్మి.

"మంచిగనే ఉంటది గనీ చలికాలమొస్తె గిట్ల ముడుచుకుంటది. పేడకు గూడ చలి పెడ్తది గావచ్చు" అని నిర్మలాదేవి నవ్వింది.

చలికి కావలసిన మంట చలిలోనే ముడుచుకుంటే ఏం లాభం? బాలలక్ష్మి కబురు పెట్టగానే తండ్రి ముత్తయ్య బస్సు మీద రెండు బస్తాల బొగ్గు వేసుకుని వచ్చాడు. తండ్రీ కూతుళ్లు వాకిట్లో సిగిడీలు రాజేసి, పొగంతా పోయేదాకా ఆగి, ఎర్రటి నిప్పును షెడ్డులోకి మోశారు. గాలి చొరకుండా చుట్టూ గోనెపట్టాలు కిందిదాకా దించి, అంచుల మీద ఇటుకలు పెట్టారు. పిల్లలు విడివిడిగా పరుచుకుని కిచకిచలాడుతూ దాణా ఏరుకున్నాయి.

"చూడు చెల్లె" అన్నాడు ముత్తయ్య భూమవ్వతో. "కరెంటు గూడ బొగ్గుతోనే పుడ్తది. తల్లి ఇంట్లుండంగ పిల్లతోని పనేంది?"

"సరే అన్నా, రేపు పొద్దున చెప్పు నీ గొప్ప" అంది భూమవ్వ.

తెల్లవారి బాలలక్ష్మి పట్టా ఎత్తి లోపలికి వెళ్లింది. లోపల వెచ్చగా ఉంది. పొగ వాసన కూడా లేదు. కానీ కిచకిచలు లేవు. పిల్లలు ముక్కులు తెరిచి, మెడలు వాల్చి ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. ఆమె వంగి ఒకటొకటే కదిలించి చూస్తోంది. అంతలో తల దిమ్మెక్కింది.

"దిష్టి తాకింది, మిరపకాయలు తెస్త" అని భూమవ్వ గుమ్మంలోనే వెనుదిరిగింది.

బాలలక్ష్మి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చల్లగాలి తగిలి కొంచెంసేపటికే తల తేలికపడింది. మళ్లీ లోపలికి వెళ్లింది, మళ్లీ తిరిగింది. అప్పుడర్థమైంది. క్వార్టర్లలో రేకుల కప్పుకూ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండేది. పొగ పోయాక కూడా బొగ్గు విడిచే విషపుగాలి ఆ సందులోంచి వెళ్లిపోయేది. ఇక్కడ తానే సందులన్నీ మూసింది.

"బాపూ, పట్టాలు లేపు! అన్నీ లేపు!"

"చలికి సస్తయి బిడ్డా!"

"చలికి తర్వాత సస్తయి, గాలికి ఇప్పుడే సస్తున్నయి. లేపు!"

ఇద్దరూ పట్టాలు చింపినంత పని చేశారు. సిగిడీలను బయటికి మోశారు. పిల్లలను గంపల్లోకి ఎత్తి ఎండ పొడలో పెడితే కొన్ని అలాగే ఉండిపోయాయి గానీ చాలావాటికి మెల్లగా మెడలు నిలిచాయి. ముత్తయ్య ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"బాయిల గాలి సూడకుండ అడుగు పెట్టనోన్ని" అన్నాడు. "ఇంట్ల పొయ్యికాడ సోయి లేకపాయె."

"నాకు మాత్రం ఉండెనా? లే బాపూ, పొద్దుగూకితె మల్ల చలి."

నిప్పు బయట ఉండాలి, వేడి లోపలికి రావాలి. ఆ మధ్యాహ్నమే ఆమె జైపాల్‌రావు గారి బావి దగ్గర పడి ఉన్న పాత ఇనుప పైపులు అడిగి తెచ్చింది. షెడ్డు గోడ బయట మట్టితో పొయ్యి కట్టి, పైపును గోడలోంచి లోపలికి తీసి, నేలకు జానెడు ఎత్తున ఆ చివరిదాకా నడిపి, అవతలి గోడలోంచి పైకి లేపింది. పొగ పైపులోనే వచ్చి పైపులోనే పోవాలి. అతుకుల మీద బంకమట్టి మెత్తింది.

మొదట బొగ్గు వేస్తే పొయ్యి దగ్గరి పైపు చెయ్యి పెట్టలేనంత కాలింది, పిల్లలు దూరంగా ఉరికాయి. తర్వాత రైస్‌మిల్లు నుంచి ఊక తెచ్చింది. పొయ్యిలో మధ్యన రోకలి నిలబెట్టి, చుట్టూ ఊకను గట్టిగా కూరి, రోకలి లాగేసి ఆ బొక్కలో నిప్పు వేసింది. ఊక మండలేదు, కుమిలింది. పైపు పొడుగునా అరచేయి ఆనించగలిగేంత వేడి. పిల్లలు పైపు కిందికి చేరి కళ్లు మూసుకున్నాయి.

"మిల్లోడు పారవోసే చెత్త బిడ్డా అది!" అన్నాడు ముత్తయ్య నొచ్చుకుంటూ.

"నీ బొగ్గు మగోని కోపం లెక్క బాపూ, ఒక్కపారే భగ్గుమంటది. గిది అత్త సణుగుడు లెక్క, తెల్లందాక ఆగది."

భూమవ్వ చేతిలోని చీపురు విసిరింది. అది ముత్తయ్యకు తగిలింది.

ఎండలు ముదిరే వేళకు కొండల్ వచ్చాడు. షెడ్డు నిండా తెల్లటి కోళ్లు తిరుగుతుంటే వేలు చూపుతూ లెక్కపెట్టుకున్నాడు. వాటిని బండికి ఎక్కించాక, "ఇగ వానలు పడ్డంకనే అక్కా పిల్లలు. గీ ఎండలకు ఎవ్వలు తీస్కోరు, ఒక్కటి బతకదు" అన్నాడు.

"నాకు తేపో."

"పరేషాన్ అయితవ్. ఫ్యాన్లు పెడ్తవా? కరెంటు ఉంటదా?"

"ఫ్యానెందుకు? కప్పు మీద జొన్నచొప్ప కప్పుత. పడమటి దిక్కు తడి గోనెలు కడ్త, పైన బొక్కల కుండలు పెడ్త, నీళ్లు సుక్క సుక్క కారుకుంట ఉంటయి. గాలి వాటిలకెళ్లి చల్లగైతది. తెరిచే ఉంచుత, ఈపారి ఏ సందు మూయ."

కొండల్ బండి ఎక్కుతూ అడిగాడు. "ఎన్ని పెట్టెలు తేవాలె?"

"పోయినసారికి రెండింతలు" అంది బాలలక్ష్మి.