మా బాపు చూసిన దేశం

మా బాపు హన్మంత్ స్టేషన్ ఘన్‌పూర్‌లో కిరాయి కారు నడుపుతాడు. నేను పుట్టకముందు నుంచీ జనాన్ని ఎక్కించుకుని హంపి, అజంతా, బెంగళూరు, ముంబై అన్నీ తిరిగాడు. అజంతా ఎట్లా ఉంటుందని అడగండి, "పార్కింగ్ మంచిగుంటది, నీడ ఉంటది" అంటాడు. బెంగళూరు? "ట్రాఫిక్‌తోని పరేషాన్." ఇన్నేళ్లలో ఒక్క గుడి గడప దాటలేదు మనిషి! అడిగీ అడిగీ నాకూ అమ్మకూ విసుగొచ్చింది.

మొన్న ఆదివారం పట్టుబట్టి, ఆయన కారులోనే భూపాలపల్లి జిల్లా కోటగుళ్లకు వెళ్లాం. అమ్మా నేనూ గుళ్ల దాకా నడిచి వెనక్కి చూస్తే ఆయన లేడు. కారు దగ్గరికి వెళ్లి చూద్దును కదా, సీటు వెనక్కి వాల్చి, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు!

"బాపూ, నువ్వు రావా?"

"మీరు చూసి రాండ్రి బిడ్డా. సామాను కాడ ఒకరుండాలె గద."

సామానంటే అమ్మ కట్టిన పులిహోర డబ్బా. ఒళ్లు మండి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. రాతి స్తంభాల మధ్య నిలబడి, ఆ చెక్కడాలను కన్నెత్తి చూడకుండా, "గీడికెల్లి బండి కనబడ్తలేదు" అన్నాడు.

ముగ్గురం ఫొటో దిగుదామని ఫోన్ తీశానో లేదో, అలవాటు కొద్దీ అది నా చేతిలోంచి అందుకుని వెనక్కి జరిగాడు.

"మేడం, జర కుడికి జరుగుండ్రి," అన్నాడు అమ్మతో.

ఆ ఫొటో ఇప్పుడు మా ఇంటి గోడ మీద ఉంది. అందులో మేడం కళ్లెర్ర చేసి చూస్తోంది. డ్రైవర్ మాత్రం లేడు.