నా పురుగుకి సెకండాఫ్ లేదు

ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో జువాలజీ చదివానని నలుగురిలో చెప్పుకోవాలంటే కొంచెం ధైర్యం కావాల్సి వచ్చేది. హైదరాబాదు కుర్రకారంతా కంప్యూటర్ల వెంట పడిన కాలం అది. మా వెంగళరావు నగర్‌లో ఎవరి మేడ మీది గది ఖాళీ అయినా, నాలుగు రోజులు తిరక్కుండా అక్కడ జావా నేర్పే బోర్డు వెలిసేది. పాలాయన కొడుకు, ఎదురింటి లెక్చరరు గారి కోడలు, చివరికి సంగీతం నేర్చుకుంటున్న పక్కింటి పిల్ల కూడా అక్కడే తేలేవారు. నేనొక్కదాన్నే ఎమ్మెస్సీలో పురుగుల్ని చదివి (అవీ పేరున్న పురుగులు కావు, మేఫ్లై అనే రెక్కల పురుగు తాలూకు పిల్లలు, నీళ్లలో ఉంటాయి, తెలుగులో వాటికి పేరు పెట్టే తీరిక ఎవరికీ దొరికినట్టు లేదు) ఇంట్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోనివ్వలేదు లెండి, నాన్న నన్నూ ఒక బ్యాచ్‌లో చేర్పించారు. కొన్ని నెలలు నేర్చుకున్నాక నాకు రూఢిగా తెలిసిందేమిటంటే, నాకు జావా రాదని. ఆ మాట చెబితే నాన్న, "మొదటిసారికే ఎవరికి వస్తుందమ్మా? సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోందట, మళ్లీ మొదట్నుంచీ కూర్చో" అన్నారు. కోప్పడితే ఏడ్చి సాధించుకునేదాన్ని. అంత శాంతంగా అనేసరికి నా గుండెల్లో రాయి పడింది.

అప్పటికి కొన్నాళ్లుగా నేను ఇంకో చోటికి కూడా వెళ్లి వస్తున్నాను. నాన్న దృష్టిలో అది ఉద్యోగం కాదు, కాలక్షేపం. మా బాబాయి ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీకి మేనేజరు. వాళ్ల కొత్త సినిమాలో చెరువులోంచి ఏదో జంతువు లేచి ఊరి మీద పడుతుందట. డైరెక్టరు గారు మొసలి వద్దు, పాము వద్దు, ఎవరూ చూడని ఆకారం కావాలి అని పట్టుబట్టారట. మా బాబాయికి ఎవరైనా ఏదైనా కావాలంటే "మన దగ్గరుందండీ" అనడం అలవాటు. "మా అన్నయ్య కూతురు అలాంటివే చదివిందండీ" అనేసి, నన్ను తీసుకెళ్లి జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా కింది అంతస్తులో ఉన్న గ్రాఫిక్స్ ఆఫీసులో కూర్చోబెట్టాడు. అక్కడ కంప్యూటర్లకి ఉక్కపోస్తుందని ఏసీ ఎంత పెట్టేవారంటే, ఎండాకాలంలో నేను శాలువా కప్పుకుని పనిచేశాను.

ఆ ఆఫీసుకి పెద్దని అందరూ గ్రాఫిక్స్ అన్న అనేవారు. యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి. మా జువాలజీ డిపార్ట్‌మెంటు తామర తొట్టిలోంచి నేను జాం సీసాలో పట్టుకొచ్చిన పిల్లపురుగుని భూతద్దంలో చాలాసేపు చూసి, "చెల్లె, గిది కరుస్తదా?" అని అడిగాడు.

"కరవదన్నా. పాచి తింటుంది."

"పాచి తినేదాన్ని జూసి హీరో ఎందుకు ఉరుకుతడు?"

హీరో సంగతి నాకేం తెలుసు? కానీ దాని ఒళ్లు ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం ఆగేదాన్ని కాదు. బియ్యపు గింజంత ఒళ్లు. తలకి రెండు పక్కలా ఉబ్బిన కళ్లు. ఆరు కాళ్లు, ఒక్కో కాలికి ఒక్కటే గోరు. వీపు మీద రెక్కలు మడిచి దాచుకున్న చిన్న సంచులు, పైకి ఎగిరే వేళ దగ్గరపడితే అవి నల్లబడతాయి. వెనక మూడు తోకలు, వాటికి ఈకకున్నట్టు నూగు. అన్నిటికంటే అందం దాని మొప్పలు. చేపకి లాగా తల దగ్గర కాదు, పొట్టకి రెండు వైపులా ఏడు జతలు, పల్చటి ఆకుల్లా ఉంటాయి. నిలకడ నీళ్లలో అవి ముందు నుంచి వెనక్కి వరసగా ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపు కంప్యూటర్లో తీసుకురావడానికి గ్రాఫిక్స్ అన్న నానా అవస్థ పడ్డాడు. నేను వెనక నిలబడి, "అన్నీ ఒకేసారి కాదన్నా, ఒకదాని తర్వాత ఒకటి" అంటూ ప్రాణం తీశాను. చివరికి ఒక మధ్యాహ్నం తెర మీద ఏడు జతలూ సరిగ్గా అలాగే ఊగాయి. నేను చదివిన చదువు ఒకరికి పనికి రావడం నాకు అదే మొదలు. ఆ సంతోషం పట్టలేక బాత్రూమ్‌లోకి పోయి కాసేపు ఏడ్చాను.

ఇక మిగిలింది ప్రొడ్యూసరు గారి ఆమోదం. శనివారం ఆయన ఇంట్లో సిట్టింగ్ పెట్టారు. సినిమా వాళ్లు కథని కాయితం మీద చదవరు, ఎదురుగా కూర్చుని చెప్పించుకుంటారు. పురుగు కథ పురుగు చదివినవాళ్లే చెప్పాలని డైరెక్టరు గారు తీర్మానించారు. ప్రొడ్యూసరు గారు సరే అంటే నాకు నెల జీతం మీద ఉద్యోగం, కాదంటే సోమవారం జావా. నేను ముందురోజు అన్నం సరిగ్గా తినలేదు. కారులో బాబాయి వెనక్కి తిరిగి మరీ హెచ్చరించాడు. "ఆ ఒక్కరోజు సంగతి మాత్రం ఎత్తకు తల్లీ. ఆయనకి సెంటిమెంట్లు ఎక్కువ. శకునం బాగా లేదని మొన్న టైటిలే మార్చారు."

ఒక్కరోజు సంగతి ఏమిటంటే, నీళ్లలో నెలల తరబడి పెరిగిన ఈ పురుగు, రెక్కలొచ్చి గాల్లోకి లేచాక మహా అయితే ఒక్క రోజు బతుకుతుంది. నేను చెప్పబోయేది పిల్లపురుగు గురించి కాబట్టి, ఆ ఊసు రానే రాదని బాబాయికి ధైర్యం చెప్పాను. నాకు నేను కూడా చెప్పుకున్నాను.

ప్రొడ్యూసరు గారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటులో సోఫా మీద ఒత్తిగిలి కూర్చున్నారు. నేనిచ్చిన పురుగు సీసాని దీపానికి ఎత్తి చూసి, "ఇంతేనా?" అన్నారు. "స్క్రీన్ మీద ముప్పై అడుగులు సార్" అన్నారు డైరెక్టరు గారు. నేను గొంతు సవరించుకుని, "శరీరం మూడు భాగాలు" అని మొదలుపెట్టాను. రెండో భాగానికి వచ్చేసరికి ఆయన ఆవలించారు. బాబాయి ముఖం పాలిపోయింది. అది చూసి నాకు ఏం తోచిందో గానీ, నోట్సు పక్కన పెట్టేసి, ఆ పురుగే మా ఇంటి పిల్ల అయినట్టు చెప్పడం మొదలుపెట్టాను. తొట్టి అడుగున బురదలో అది ఎలా దాక్కుంటుందో, తూనీగ పిల్లలు దాని మీదికి ఎలా వస్తాయో, పెరిగినప్పుడల్లా బిగుతైన చొక్కా విప్పినట్టు చర్మం ఎలా విడుస్తుందో చెప్పాను. చేతులతో మొప్పలు ఊపి చూపించాను. డైరెక్టరు గారి అసిస్టెంటు ఉత్సాహం ఆపుకోలేక నోటితో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా ఇచ్చాడు. ప్రొడ్యూసరు గారు నిటారుగా కూర్చున్నారు. రెక్కల సంచులు నల్లబడి, పురుగు నీటి పైకి తేలి, వీపు చీల్చుకుని బయటికొచ్చేసరికి, ఆయన తొడ మీద చరుచుకుని, "ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది. సెకండాఫ్ ఏంటమ్మా?" అన్నారు.

బాబాయి దగ్గాడు.

"రెక్కలొస్తాయి సార్" అన్నాను.

"వచ్చాయి. తర్వాత?"

"ఎగురుతుంది సార్."

"ఎగిరి ఊరి మీద పడి ఏం తింటుంది?"

"ఏమీ తినదు సార్. దానికి నోరు పనిచెయ్యదు."

"నోరు పనిచెయ్యకపోతే ఎలా బతుకుతుంది?"

అబద్ధం చెప్పకూడదనే పట్టింపేం లేదు నాకు, ఆ క్షణాన ఒక్క అబద్ధమూ తోచలేదు, అంతే. "ఎక్కువసేపు బతకనక్కర్లేదు సార్" అన్నాను. బాబాయి రెండోసారి దగ్గాడు, ఈసారి నిజం దగ్గే వచ్చింది.

"ఎంతసేపు?" అన్నారు ప్రొడ్యూసరు గారు.

"ఒక్క రోజు" అన్నాను.

కాఫీ కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన మా బాబాయి వైపు తిరిగి, "ఏమయ్యా మేనేజరూ, ఒక్కరోజు పురుగుని పోస్టరు మీద వేస్తే మన బొమ్మ ఎన్నాళ్లు ఆడుతుంది?" అని అడిగారు. బాబాయి కార్పెట్ వైపు చూశాడు. "పాముని పెట్టండి" అన్నారాయన. "పాము ఎన్నేళ్లు బతుకుతుందమ్మా?"

"పాములు నా సబ్జెక్టు కాదు సార్."

"వందేళ్లు సార్" అన్నారు డైరెక్టరు గారు తడుముకోకుండా. పాము వద్దని పట్టుబట్టింది ఆయనే. నేను నోరు తెరవబోతే బాబాయి నా కాలు తొక్కాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి జావా పుస్తకాలకి దుమ్ము దులిపాను. ఆదివారం పొద్దున్న ఫోన్ మోగింది. నాన్నే ఎత్తారు. అవతల గ్రాఫిక్స్ అన్న గొంతు పెద్దది, నాకు గది అవతలికి కూడా వినపడింది. "సార్, మీ బిడ్డను రేపు ఆఫీసుకు పంపుండ్రి. పాముకు మొప్పలు పెడ్తున్న. గంత కష్టపడి చేసినం, ఎట్ల పడేస్తం? అవి ఎట్ల ఊగాలెనో ఆమెకే ఎరుక. జీతం సంగతి నేను మాట్లాడిన, ఫికర్ చెయ్యొద్దని చెప్పుండ్రి."

నాన్న ఫోన్ పెట్టేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మొప్పలేంటమ్మా?" అన్నారు. రెండేళ్లు చదివాను, మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, కళ్ల దగ్గర్నుంచి తోకల దాకా చెప్పాను. ఒక్కరోజు సంగతి కూడా చెప్పాను. నాన్న ఆవలించలేదు. అంతా విని, "పాపం" అన్నారు. సోమవారం పొద్దున్న నేను చెప్పులేసుకుంటుంటే ఆఫీసుకి ఏ బస్సులో వెళతావని మాత్రం అడిగారు.

పాములకి మొప్పలుండవని నాకు తెలుసు, తెలిసీ ముప్పై అడుగుల పాముకి ఏడు జతలు అతికించడానికి దగ్గరుండి సాయం చేశాను. సినిమా పూర్తయ్యేదాకా నాకు మా ప్రొఫెసరు గారి భయమే. ఆయన చూస్తే నా డిగ్రీ వెనక్కి లాక్కుంటారేమోనని నిజంగానే అనుకునేదాన్ని. విడుదల రోజున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో మ్యాట్నీకి వచ్చారు. సినిమాలంటే బొత్తిగా సరిపడని మనిషి, తల తిప్పకుండా చూశారు. పాము చెరువులోంచి లేచి, పక్కల మొప్పలు వరసగా ఊగడం మొదలవగానే, నాన్న అవతలి సీట్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి మోచెయ్యి తట్టి, "ఆ మొప్పలు మా అమ్మాయివండీ" అన్నారు.

ఆ పెద్దమనిషి వంగి, ఆ చీకట్లో నా మెడ వైపు పరీక్షగా చూశాడు.

"ఊరుకోండి నాన్నా" అని నేను సీట్లోకి ఇంకా కిందికి జారిపోయాను. ఆ సినిమా ఎన్నాళ్లు ఆడిందో మీరు అడగొద్దు, నేను చెప్పను. ఆ తర్వాత ఎన్నో ఆకారాలు చేశాను, ఎన్నో సిట్టింగుల్లో కూర్చున్నాను, దేనికీ అంత వణకలేదు. ఇప్పుడు ఆ మ్యాట్నీ గుర్తొస్తే నాకు సీట్లోకి జారిపోయిన ఆ పిల్లని చూసే నవ్వొస్తుంది. పక్కన తండ్రి అంతగా మురిసిపోతుంటే ఒక్కసారి ఆయన ముఖం వైపు తిరిగి చూడకుండా, ఆ సీనంతా ముందు వరసల్లో మా ప్రొఫెసరు గారి బట్టతల ఎక్కడుందోనని వెతుక్కుంటూ కూర్చుంది, పిచ్చి మొహం.