సేరు తవుడు

ఈ రోజు పొద్దున్నే మిద్దె మీద పాత చీర పరిచి, తవుడు ఎండబోసి కూర్చున్నాను. మా ఇంట్లో ఆవు లేదు, ఎనుము లేదు, కనీసం కోడి కూడా లేదు. ఉన్నదల్లా మగ్గం ఒక్కటే, అది తవుడు తినదు. పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆమె నాకు వరసకు ఏమీ కాదు గానీ ఇరవై ఏళ్లుగా చెల్లెలి కిందే లెక్క. పిట్టగోడ మీదుగా తొంగిచూసి, "అక్కా, ఆ పురుగుల తవుడు పారెయ్యి. నా ఎనుముకు తెచ్చిన కొత్తది ఉండాది, సేరు కొలిచి ఇస్తా" అంది. "నాకు కొత్తది వద్దు మే, ఇదే కావల్ల" అన్నాను, కాస్త విసురుగానే. ఆమె తల వెనక్కి తీసుకుని బట్టలు ఆరేసుకుంది. ఆ తవుడు పద్నాలుగు నెలల కిందట ఆమె ఇచ్చిందే. మా మనవరాలికి బదులుగా ఇచ్చింది.

నా కూతురు నెలలు నిండి పురిటికి వచ్చేసరికి ఎండాకాలం. ధర్మవరంలో ఎండ గురించి మాట్లాడుకుంటే నోరు ఎండిపోవడమే తప్ప లాభం లేదు, వదిలేస్తాను. అంతకు ముందటేడు తన తొలికాన్పు బిడ్డ మూడో రోజునే పోయాడు. అందుకని ఈసారి ఉయ్యాల దించనివ్వలేదు, పొత్తిగుడ్డలకు పాత చీరలు చించనివ్వలేదు. వాచిన కాళ్లు చాపుకుని, వాళ్ల నాయన కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంత పక్కన పొద్దస్తమానం కూర్చునేది. తెగిన పోగు అతకడానికి ఆయన మగ్గం ఆపితే ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యి వేసుకునేది. "తిరుగుతాండాదా బిడ్డ?" అని నేను గంటకోసారి అడిగేదాన్ని. పిచ్చిదాన్ని, అదేదో ధైర్యం చెప్పడం అనుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. నల్లగా, మంచి గొంతుతో పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే నేను నా తెలివంతా చూపించాను. ముందు బిడ్డ దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, చేటలో పెట్టి వీధి చివర చెత్త తిప్ప దగ్గర కాసేపు ఉంచి, ఇంకొకరికి తవుడుకు అమ్మేస్తారు. చెత్తలో దొరికి తవుడుకు అమ్ముడుపోయిన దాన్ని చావు కూడా కోరదని నమ్మకం. ఉయ్యాల్లో వేసే రోజున తల్లి కొంగు చాచి "నా బిడ్డను నాకియ్యి" అని అడిగి, అదే తవుడు తిరిగిచ్చి తెచ్చుకోవాలి. అంతవరకు పాలివ్వచ్చు గానీ నాది అనకూడదు. మా ఇంటాయన మగ్గం గుంతలోంచే "బిడ్డను అమ్మేదేందే, మతి ఉండాదా నీకు?" అన్నాడు. "నీకేం తెల్సు, గమ్మునుండు" అన్నాను. పక్కింటామె సేరు తవుడు కొలిచి పోసి, "రావే తిప్పక్కా" అంటూ బిడ్డనెత్తుకుని వాళ్ల గడప దాటించి, మళ్లీ తెచ్చి మా ఇంట్లోనే పడుకోబెట్టింది. అందరం నవ్వుకున్నాం. నేను కూతురి దగ్గరికి పోయి, "ఇరవై ఒక్క దినాలు అది నీ బిడ్డ కాదు. ముద్దు చెయ్యొద్దు, కండ్లారా సూడొద్దు. తెల్సిందా?" అన్నాను. తలూపింది. చిన్నప్పటి నుంచీ నా మాట కాదన్న పిల్ల కాదు.

ఈసారీ విన్నది, అదే నా ఖర్మ. పాలిస్తూ గోడ వైపు చూసేది. వెల్లుల్లి కారం కలిపిన వేడన్నం కంచంలోనే చల్లారిపోయేది. బిడ్డ నిద్రపోయినా తను కన్ను మూసేది కాదు. తల దువ్వబోతే తల ఇచ్చేది, వదిలేస్తే వదిలేసిన చోటే ఉండేది. వీధికి వచ్చే ఆశా కార్యకర్త బిడ్డను తూచి, తల్లిని చూసి, "పెద్దమ్మా, పాప బాగుండాది. అక్కే బాగలేదు. డాక్టరుకు సూపిద్దాం" అంది. "బాలింత నీరసం లేమ్మా, నేను ముగ్గుర్ని కనలేదా" అని కాఫీ ఇచ్చి పంపేశాను. కాఫీ ఇచ్చి ఎదుటివాళ్ల నోరు మూయించడం నాకు బాగా అలవాటు.

ఇరవై ఒకటో రోజున మా అల్లుడు చిలమత్తూరు దగ్గరి వాళ్ల ఊరి నుంచి పూలు, మిఠాయి తీసుకుని బండి మీద వచ్చాడు. పక్కింటామె పట్టుచీర కట్టుకుని, బిడ్డనెత్తుకుని మా గడపలో నిలబడింది. నేను తవుడు డబ్బా పట్టుకుని "అడుగమ్మా" అన్నాను.

"అమ్మేసినాం గదమ్మా" అంది నా కూతురు. "చిన్నమ్మ కాడే ఉండనీ. ఆయమ్మ కాడైతే బతుకుతాది."

అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది. నా కూతురు లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. నేనే గబగబా బిడ్డను అందుకుని ఉయ్యాల్లో వేశాను. అడగాల్సిన మనిషి అడగలేదు కాబట్టి తవుడు తిరిగివ్వడానికి చెయ్యి రాలేదు. డబ్బా అటకెక్కింది.

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం కొళాయి వచ్చిందంటే బిందెలు తీసుకుని పోయాను. తిరిగొచ్చేసరికి ఉయ్యాల ఖాళీ. వెతుక్కుంటూ బయటికొస్తే పక్కింటి మూసిన తలుపు ముందు, కాలుతున్న బండ మీద చేట, చేటలో బిడ్డ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు, చెంపలు ఎర్రగా కందిపోయాయి. పక్కింటామె ఎనుమును తోలుకుని పోయింది, మగ్గం మోతలో మా ఇంటాయనకేమీ వినబడలేదు. బిడ్డను చంకనేసుకుని లోపలికి ఉరికి, కూతురిని కొట్టబోయాను. ఆమె బెదరలేదు. "ఆయమ్మ బిడ్డను ఆయమ్మకు ఇచ్చొచ్చినా మా. నా చేతిలో ఉంటే ఇది గూడా పోతాది" అంది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. మగ్గం ఆగింది. మా ఇంటాయన గుంతలోంచి లేవలేక, నేసిన పట్టు మీదనే తల పెట్టుకుని ఏడ్చాడు.

ఇది కాన్పు తర్వాత మనసుకు వచ్చే జబ్బని, తవుడు వల్ల రాదని, కాస్త ముందు తెచ్చివుంటే బాగుండేదని అనంతపురంలో డాక్టరమ్మ చెప్పింది. మా ఇంటాయన మొదటి రెండు మాటలూ గుర్తు పెట్టుకున్నాడు. నాకు మూడోదే గుర్తుంది. ఇప్పుడు నా కూతురు అత్తారింట్లో మాత్రలు వేసుకుంటోంది, వండుకుంటోంది, నిద్రపోతోంది. బిడ్డను తీసుకుపొమ్మంటే మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. బిడ్డ నా దగ్గరే పెరుగుతోంది. మగ్గం గుంజ పట్టుకుని నడుస్తూ నన్ను "అమ్మా" అంటుంది. "అవ్వను" అని దిద్దితే వినదు. మా ఇంట్లో నా మాట వినని మొదటి ఆడపిల్ల అదే, నాకున్న కాస్త ధైర్యం కూడా అదే. ఆదివారం ఆదివారం ఫోన్ వస్తుంది. "ఆ పాప తినిందా?" అని అడుగుతుంది కూతురు. "నీ బిడ్డ తినింది" అంటాను. "సరే మా" అని పెట్టేస్తుంది.

ఎండెక్కాక తవుడు జల్లించి, పురుగులేరి, మళ్లీ అదే డబ్బాలో పోశాను. పురుగు పట్టడం ఇది మూడోసారి. ఇరవై ఒక్క రోజులకని అమ్మిన బిడ్డ, అప్పుడే నడక నేర్చింది. దాన్ని తల్లి అడిగి తీసుకోవాల్సిన రోజు మాత్రం ఇంకా రాలేదు.