తప్పు పట్టినవాళ్లదే చాక్‌పీసు

కొత్త టీచర్లు వచ్చినప్పుడల్లా శాలువా కప్పే పని నా నెత్తినే పడుతుంది. సీనియర్‌ని కదా, తప్పించుకోలేను. ఈసారి వచ్చిన ఇద్దరిలో ఒకాయన మిర్యాలగూడ నుంచి వచ్చిన బయాలజీ సారు. ఆయనతో నాకే పేచీ లేదు. రెండో మనిషి లెక్కల టీచరు. నేనూ లెక్కల టీచర్నే. పైగా ఆ అమ్మాయి ఇదే బడిలో, నా దగ్గరే పదో తరగతి చదువుకుంది. తొలి ఉద్యోగం, అదీ సొంత ఊరి బడిలో. అందరూ దాన్ని నా అదృష్టంలాగే చెప్పుకున్నారు.

"మీ శిష్యురాలే మీ పక్కకొచ్చి కూసుంటది. ఇంతకన్న ఏం గావాలె మేడమ్?" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

నవ్వాను. కడుపు మాత్రం మండిపోయింది.

ఎందుకు మండిందో చెప్పేస్తాను, దాచుకోవడానికేముంది. మా బడిలో పదో తరగతి లెక్కలు నావి. నడిగూడెం దాటి లోపలికి వెళ్లాలి మా బడికి. నేను రోజూ కోదాడ నుంచి బస్సులో వస్తాను. మధ్యలో కొన్నాళ్లు పెన్‌పహాడ్ వైపు బదిలీ చేస్తే, మళ్లీ పట్టుబట్టి ఇక్కడికే వచ్చాను, వచ్చిన రోజే పదో తరగతి అడిగి తీసుకున్నాను. ఆరో తరగతికి ప్రాణం పెట్టి చెప్పినా పిల్లలు పెద్దయ్యాక గుర్తుపెట్టుకోరు. టెన్త్ టీచరంటే మాత్రం వేరు. కోదాడ కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే మీసాలొచ్చిన మనిషి ఎదురొచ్చి "మా టెన్త్ లెక్కల టీచర్" అని పెళ్లానికి చూపిస్తాడు. ఆ మాట వింటే వంకాయల్లో పుచ్చులున్నా పట్టించుకోను.

ఇప్పుడు లెక్కలకు రెండో మనిషి వచ్చింది. హెడ్‌మాస్టరు గారు చేతులు దులిపేసుకున్నారు. "టెన్త్ ఒకరికి, తొమ్మిది ఒకరికి. ఎవరికేదో మీరిద్దరే మాట్లాడుకోండ్రి. సోమవారం టైంటేబుల్ ఏస్త" అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని సరే సార్ అంది. నా వైపు చూడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడితే ఇవ్వాల్సి వస్తుందేమోనని భయం.

అప్పటికే ఒక దెబ్బ తిని ఉన్నాను. సూర్యాపేటలో ట్రైనింగ్ ఉందని కొన్ని రోజులు బడికి రాలేదు. నా పీరియడ్లు ఆ అమ్మాయి తీసుకుంది. తిరిగొచ్చి క్లాసులో అడుగు పెట్టగానే ముందు బెంచీలో పిల్ల అడిగింది: "టీచర్, రేపటి సంది కొత్త టీచర్ రాదా?" అడగడంలో దురుద్దేశం ఏమీ లేదు పాపం. కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు వాళ్లకు మామూలుకన్నా ఎక్కువ హోంవర్క్ ఇచ్చాను.

ఇక్కడ నా పద్ధతొకటి చెప్పాలి. నా క్లాసులో ప్రతి పీరియడూ బోర్డు మీద ఒక తప్పు కావాలనే చేస్తాను. ఏ లైనులో చేస్తానో చెప్పను. పట్టుకున్నవాళ్లు "తప్పు టీచర్" అని అరవాలి. అరిస్తే చాక్‌పీసు వాళ్లదైపోతుంది, నేను పక్కకు జరుగుతాను, మిగతా లెక్క వాళ్లే చేయాలి. పిల్లలు నిద్రపోకుండా ఉండడానికి మొదలుపెట్టిన పద్ధతి అది. తర్వాత అదే నా పేరైపోయింది. వెనకాల నన్ను తప్పుల టీచర్ అంటారు. నాకు తెలుసు, నాకది ఇష్టం కూడా. తప్పు దొరికినప్పుడు వాళ్లు పెట్టే కేకకు పక్క గదిలో సోషల్ సారు పాఠం ఆపేసేవారు. ఈ కొత్త లెక్కల టీచరమ్మ చదువుకునే రోజుల్లో ఆ కేక అందరికన్నా ముందు పెట్టేది. మెడ ఇంత పొడుగు చేసి నా చేతి వైపే చూస్తుండేది.

స్వాగత సభ, పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఒకే రోజు పెట్టారు. ఒకే టెంటు, ఒకే వంటవాళ్లతో కలిసొస్తుందని. వచ్చిన బ్యాచ్ కూడా ఎవరిదనుకున్నారు? ఆ అమ్మాయిదే. నా ఖర్మ.

పొద్దున్నే పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. సమ్మేళనం అంటే మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. భోజనాలకు ముందు పాత విద్యార్థులంతా తమ పదో తరగతి గదిలో, తమ తమ బెంచీల మీద కూర్చుంటారు. పాత టీచరొకరు ఒక్క పీరియడ్ పాఠం చెబుతారు. ఇంతకుముందు ఏ బ్యాచ్ వచ్చినా నన్నే పిలిచారు. ఏ లెక్క చెప్పాలో, ఏ లైనులో తప్పు చేయాలో బస్సులో అనుకుంటూనే వచ్చాను. కొత్త టీచరమ్మ కూడా ఆ బెంచీల్లోనే కూర్చుంటుంది కదా, చూడనీ, ఎవరి క్లాసో తెలుస్తుంది అనుకున్నాను.

శాలువా కప్పాను. ఫొటో తీశారు. ఫొటోలో నా మొహం ఎలా వచ్చిందో చూసుకోలేదు.

పాత పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపేవాడు, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పేవాడు, సూర్యాపేట దవాఖానాలో నర్సుగా చేసే అమ్మాయి. అందరూ నా కాళ్లకు దండం పెట్టారు. "మంచిగున్నరా టీచర్? పానం ఎట్లుంది?" అని అడిగారు. సమాధానం సగంలో ఉండగానే వెళ్లి ఆ అమ్మాయి చుట్టూ మూగారు. సెల్ఫీలు, నవ్వులు, వీపు మీద చరుపులు. దేవుడికైనా దండమే పెడతారు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పరు కదా. అంతే, నా పరిస్థితీ అదే. కుర్చీలో కూర్చుని థమ్సప్ తాగాను.

పాఠం వేళయింది. నేను లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. రైస్‌మిల్లు వాడొచ్చాడు. వాడు చదువుకునే రోజుల్లో ఒక్క తప్పూ పట్టుకున్నవాడు కాదు.

"టీచర్, మీరు మాకు మస్తు చెప్పిన్రు. ఇయ్యాల జర మాతోని బెంచి మీద కూసోండ్రి. మా దోస్తు టీచరయింది గద, ఎట్ల చెప్తదో సూద్దాం."

కక్కలేను, మింగలేను. "అలాగే నాయనా, చెప్పనివ్వండి" అన్నాను.

నర్సు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఆ అమ్మాయి చాక్‌పీసు తీసుకుంది. ముందు ఇబ్బందిగా నవ్వింది. తర్వాత నవ్వు పోయింది, టీచరు వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాగా చెబుతోంది. చేతిరాత నాకన్నా బాగుంది. లారీల వాడు కూడా నోరు తెరుచుకుని వింటున్నాడు. బోర్డు మీద వర్గ సమీకరణం ఒకటి వేసి, ఒక్కో లైనూ రాస్తూ, మధ్యలో వెనక్కి తిరిగి, అరచేతిలో చాక్‌పీసు ఎగరేసి పట్టుకుంది. అది నా అలవాటు. ఎగరేసి పట్టుకోవడం నాది. ఒళ్లు మండిపోయింది. క్లాసు తీసుకున్నావు, పిల్లల్ని తీసుకున్నావు, ఇది కూడానా?

ఇక పాఠం వినలేదు. ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాను. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి చెయ్యాలి దేవుడా అని మొక్కుకున్నాను. ఈ వయసులో ఇంత కుళ్లేమిటో, కానీ మొక్కుకున్న మాట నిజం.

దేవుడు విన్నాడు. సమానం గుర్తుకు అవతల ఉన్న అయిదు ఎక్స్‌ని ఇవతలికి తెచ్చింది. ప్లస్‌ని ప్లస్‌గానే ఉంచేసింది. ఇవతలికి వస్తే మైనస్ కావాలి. ఏడో తరగతిలోనే నేర్పే విషయం! గదిలో ఎవరూ గమనించలేదు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. కొంచెం ఆగి, కింద మరో లైను రాయనిచ్చి, అప్పుడు లేచి నిలబడ్డాను.

"ఆగమ్మా. ఆ అయిదు ఎక్స్ సమానం దాటి ఇటొచ్చింది కదా, గుర్తు మారొద్దా? ఇదేనా నేను నేర్పింది?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ పిల్ల మొహం వాడిపోతుందని చూస్తున్నాను. వాడిపోలేదు. చాక్‌పీసు నా వైపు చాపింది.

"పట్టుకున్నోళ్లే వచ్చి చెయ్యాలె టీచర్" అంది.

అప్పుడర్థమైంది అందరికీ. గది ఘొల్లుమంది. "తప్పు టీచర్! తప్పు టీచర్!" అని బల్లలు చరిచారు. నర్సు నన్ను బెంచీలోంచి బయటికి తోసింది. వెళ్లాను. చాక్‌పీసు తీసుకున్నాను. మిగతా లెక్క చేసి, అలవాటు చొప్పున ఇంకో తప్పు కూడా చేసి, పీరియడ్ ముగించాను. చప్పట్లు కొట్టారు. ఆ కాసేపూ క్లాసు నాదే. కానీ ఇచ్చింది ఆ పిల్ల. ముల్లులా గుచ్చుకుంది అది.

భోజనాలయ్యాక నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ దొరికింది.

"కావాలనే చేశావా?" అన్నాను.

"కావాలనే టీచర్."

"వాళ్లందరికీ ముందే చెప్పిపెట్టావా?"

"ఒక్కరికి గూడ చెప్పలే. వాళ్లు పట్టుకోరని తెలుసు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీరు పట్టుకుంటరని తెలుసు టీచర్. నేనొచ్చిన కాడి సంది మీరు నా తప్పు కోసమే సూస్తున్నరు గద."

గొంతులో కోపం లేదు. లెక్కలో గుర్తు తప్పిందని చెప్పినట్టే చెప్పింది.

"ఇంకొకటి టీచర్. నాకు టెన్త్ కావాలె. అడుగుదామంటే నోరు రాలే. మీరియ్యకపోయినా ఏమనుకోను. అడగకుంటే నాకే మంచిగనిపియ్యది, అందుకని అడుగుతున్న."

చూద్దాంలే అని బస్సెక్కేశాను.

కోదాడ దాకా ఉడుక్కుంటూనే వెళ్లాను. ఎంత ధైర్యం! నా మొహం మీదే అంటుందా? నేను ఎవరి తప్పు కోసం చూశాను? సీనియర్‌ని, గమనించడం నా బాధ్యత. కొత్తగా వచ్చిన వాళ్లను కనిపెట్టుకుని ఉండొద్దా? ఇలా ఎన్నో లైన్లు రాసుకున్నాను మనసులో. ఏదీ నిలబడలేదు. ఎక్కడో గుర్తు మార్చకుండా దాటించానని నాకే తెలుస్తోంది. నా కుళ్లు హెడ్‌మాస్టరు గారికి కనిపించలేదు, ఇంట్లోవాళ్లకు కనిపించలేదు. మెడ పొడుగు చేసుకుని ఆ పిల్లే పట్టుకుంది, అప్పట్లాగే. తప్పు పట్టినవాళ్లదే చాక్‌పీసు అని పెట్టింది నేనే కదా, ఇప్పుడెక్కడికి పోను?

సోమవారం హెడ్‌మాస్టరు గారికి చెప్పాను. "టెన్త్ ఆ అమ్మాయికివ్వండి."

"పెద్ద మనసు మేడమ్ మీది" అన్నారు.

"నా మొహం. పెద్దా లేదు, చిన్నా లేదు. వేసేయండి సార్" అన్నాను.

తొమ్మిదో తరగతి గది పదో తరగతికి ఆనుకునే ఉంటుంది. సోషల్ సారు ఒకప్పుడు పాఠం చెప్పిన గది. మూడో పీరియడ్. బోర్డు మీద రాస్తున్నాను. గోడ అవతలి నుంచి గుప్పున లేచింది కేక: "తప్పు టీచర్!" గది గదంతా ఒక్క గొంతుతో. ఇన్నేళ్లూ ఆ కేక నాకు ఎదురుగా వినిపించింది. గోడకు ఇవతల నిలబడి వినడం అదే మొదలు. ఏ లైనులో చేసిందో, ఎవరు పట్టుకున్నారో, ఇప్పుడు చాక్‌పీసు ఎవరి చేతిలో ఉందో. కుళ్లు పోయిందని అబద్ధం చెప్పను. పోలేదు. చేయి దానంతటదే రాసుకుంటూ పోతోంది, నా చెవులు మాత్రం గోడకే ఉన్నాయి.

"టీచర్."

వెనక బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది. కొత్త క్లాసు, నా పద్ధతి వీళ్లకింకా చెప్పనేలేదు. భయపడుతూ అంది: "గాడ... మైనస్ పెట్టలే మీరు."

తిరిగి చూశాను. నిజమే, పెట్టలేదు. అది కావాలని చేసింది కాదు. అసలు ఏ తప్పూ చేయాలనుకోలేదు.

"కావాలనే చేశాను" అని, ఆ పిల్లను రమ్మని చాక్‌పీసిచ్చి పక్కకు జరిగాను.